ఆఫీసుకి దూరం, గోడకి దగ్గర: అడ్వకసీ సంస్థలో రిమోట్ డిజైన్ ఇంటర్న్‌షిప్ గురించి

మీ ప్రశ్న ఇది: "మాది పర్లాకిమిడి. డిగ్రీ ఆఖరి ఏడాది. అటవీ హక్కుల మీద పనిచేసే ఢిల్లీ సంస్థ ఒకటి మూడు నెలల గ్రాఫిక్ డిజైన్ ఇంటర్న్‌షిప్ ఇస్తానంటోంది. ఇంటి నుంచే పని, స్టైపెండ్ అంతంతమాత్రం. ఆఫీసు మొహం చూడకుండా ఏం నేర్చుకుంటాను? ఎన్జీవో పోస్టర్లు పోర్ట్‌ఫోలియోలో పెడితే ఎవరైనా పట్టించుకుంటారా? ఇంగ్లిష్ కూడా అంతగా రాదు."

మాదీ ఒడిశాయే, రాయగడ జిల్లా గుణుపురం. 2021లో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అచ్చం ఇలాంటి ఇంటర్న్‌షిప్పే చేశాను, మేడ మీద గదిలో కూర్చుని. తర్వాత ఇదే పని వృత్తి అయింది. ఇప్పుడు నా దగ్గరే ఒకరిద్దరు ఇంటర్న్‌లు ఉంటారు. కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను. చేరండి. అయితే మీరు భయపడుతున్న విషయం ఒకటి, అసలు జాగ్రత్తపడాల్సింది ఇంకొకటి.

నా మొదటి పోస్టర్ కథ చెప్తాను. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని ప్రకారం సాగు చేసుకుంటున్న అటవీ భూమి మీద హక్కు కావాలంటే దరఖాస్తు ముందు గ్రామసభకి వెళ్ళాలి. ఆ సభకి సంబంధించిన పోస్టర్ నాకు అప్పజెప్పారు. నేను రెండు రోజులు కూర్చుని ముదురు ఆకుపచ్చ నేపథ్యం వేశాను, దాని మీద ఎర్ర అక్షరాలు, మధ్యలో పిడికిలి బిగించిన ముసలమ్మ బొమ్మ, పైన "మన అడవి మన హక్కు" అని పెద్ద హెడ్డింగ్. కాల్‌లో చూపిస్తే ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. నిజంగానే బాగుంది. ఇప్పటికీ బాగానే ఉంటుంది, ల్యాప్‌టాప్‌లో.

నాలుగు రోజుల తర్వాత సంతకి వెళ్తే టీ కొట్టు పక్క గోడకి మైదా జిగురుతో అంటించి కనిపించింది. చూసి గుర్తుపట్టడానికే నాకు కాసేపు పట్టింది. మా ఫీల్డ్ కోఆర్డినేటర్, భాయినా అని పిలిచేవాళ్ళం, జెరాక్స్ షాపులో నలుపు తెలుపులో ఎ3 కాపీలు తీయించాడు. కలర్ ప్రింటుకి బడ్జెట్ లేదని నాకెవరూ చెప్పలేదు, నేను అడగనూ లేదు. ఎరుపూ, ముదురాకుపచ్చా జెరాక్స్‌కి ఒక్కటే. రెండూ బొగ్గు. ముసలమ్మ పిడికిలి ఒక్కటే తెల్లగా గాలిలో తేలుతోంది. నేను అక్కడే నిలబడి ఉంటే కట్టెల మోపు దించుకుని ఒకావిడ అడిగింది: "ఏమ్మా, ఎప్పుడంట ఈ మీటింగు?"

తేదీ ఉంది. కింద కుడి మూలలో, సంస్థ లోగో పక్కన, 14 పాయింట్లలో. లోగో దానికన్నా పెద్దది.

ఆ తేదీ ఎంత ముఖ్యమో తర్వాత నిబంధనలు చదివితే తెలిసింది. 2012లో సవరించిన రూల్స్ ప్రకారం ఈ పనికి గ్రామసభ చెల్లాలంటే సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి. వచ్చినవాళ్ళలో మూడో వంతైనా ఆడవాళ్ళు ఉండాలి. లేకపోతే కోరం లేదు, సభ వాయిదా. అంటే మోపు దించుకుని తేదీ అడిగిన ఆవిడ రాకపోవడం ఒక మనిషి రాకపోవడంతో ఆగదు. మా జిల్లాలో గ్రామసభ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు కదా. నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో చెప్తే, రాయగడలో 7, కలహండిలో 5, మొత్తం 12 ఊళ్ళు కూర్చుని పన్నెండూ వద్దన్నాయి. అలాంటి సభకి పిలుపు పంపే కాగితంలో నేను తేదీని మూలకి తోశాను.

రెండో పోస్టర్‌లో "గురువారం ఉదయం 10" అన్నది కాగితంలో మూడో వంతు తీసుకుంది. తెల్ల కాగితం, నల్ల అక్షరం. కింద ఎక్కడ, ఏం తేవాలి. పిడికిలి లేదు. ఆఫీసులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, "కొంచెం ప్లెయిన్‌గా ఉందేమో" అని ఒకరు అన్నారు కూడా. నేను జెరాక్స్ తీసి మా గేటుకి అంటించి, రోడ్డు అవతల నుంచి ఫోన్‌లో ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. దాని పక్కనే టీ కొట్టు గోడ మీది పాతదాని ఫొటో. ఇక ఎవరూ మాట్లాడలేదు.

ఆఫీసుకి దూరం అని మీరు దిగులు పడుతున్నారు. ఢిల్లీలో కూర్చున్న డిజైనర్‌కి మన సంత గోడ ఎప్పటికీ కనిపించదు. మీకు సైకిలు మీద పది నిమిషాలు. ఆ సంస్థ మొత్తంలో తన పోస్టర్‌ని అది బతకాల్సిన చోట చూడగలిగే డిజైనర్ మీరొక్కరే అవుతారు. ఇది వాళ్ళకి తెలియకపోవచ్చు. మీరే చూపించాలి.

ఇక పని మొదలయ్యాక. బ్రీఫ్ అని పేరు పెట్టి రెండు లైన్ల మెసేజ్ పంపుతారు, "ఒక మంచి క్రియేటివ్ కావాలి, రేపటికి" అని. వెంటనే ల్యాప్‌టాప్ తెరవకండి. ఎవరు చదువుతారు, ఎక్కడ చదువుతారు, చదివాక ఏం చేయాలి, ప్రింట్ ఎవరు తీస్తారు, ఏ మిషన్ మీద: ఇవి అడగండి. మొదట్లో నేను అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకునేదాన్ని. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ఇంటర్న్ ఇవి అడక్కపోతే నాకే టెన్షన్.

అడ్వకసీ సంస్థలో ఇంకో మెలిక ఉంది. దుప్పట్లు పంచే సంస్థ కాదు ఇది. చట్టం సరిగ్గా అమలు చేయండి, ఈ విధానం మార్చండి అని ప్రభుత్వాన్ని అడిగే సంస్థ. కాబట్టి అదే విషయం మీద మీరు ఇద్దరు వేర్వేరు మనుషులకి చెప్పాలి. ఒకరు ఊళ్ళో దరఖాస్తు పెట్టుకునేవాళ్ళు. రెండోవాళ్ళు కలెక్టరేట్‌లోనో సెక్రటేరియట్‌లోనో బల్ల వెనక కూర్చునేవాళ్ళు, విలేకరులు, ఎమ్మెల్యేల పీయేలు. వీళ్ళకి పోస్టర్ పనికిరాదు. ఎ4 కాగితం, రెండు వైపులా, ఒక పట్టిక, ఒక మ్యాపు, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కింద ఒక లైను. అంతే కావాలి. ఫైల్లో పెట్టుకునేలా ఎడమ వైపు పంచింగ్‌కి జాగా వదిలితే ఇంకా మంచిది. ఇది నాకు ఒక రిటైర్డ్ గుమాస్తా చెప్పారు, ఏ డిజైన్ ట్యుటోరియల్‌లోనూ దొరకదు.

అలాంటి కాగితంలోనే నేను ఒకసారి బాగా తిట్లు తిన్నాను. రెండేళ్ళ దరఖాస్తుల లెక్కకి బార్ చార్ట్ వేస్తూ, తేడా కొట్టొచ్చినట్టు కనిపించాలని గీతని సున్నా నుంచి కాకుండా 60 నుంచి మొదలుపెట్టాను. అలా చేస్తే 70 పక్కన 80 రెట్టింపు ఎత్తు కనిపిస్తుంది. మా సీనియర్ ఆ రాత్రే ఫోన్ చేసింది. "మనం ఇచ్చే కాగితంలో అవతలివాళ్ళు ఒక్క తప్పు పట్టుకుంటే చాలు, మిగతా పదిహేను నిజాలూ చెత్తబుట్టలోకే. వాళ్ళకి ఆ సాకు నువ్వే ఇస్తావా?" అంది. అదే చార్టులో "తిరస్కరించినవి", "పెండింగ్‌లో ఉన్నవి" రెండింటికీ ఒకే రంగు వేశానని కూడా అప్పుడే తెలిసింది. సబ్బు ప్రకటనలో కాస్త గోరంతలు కొండంతలు చేసినా నడుస్తుందేమో, ఇక్కడ నడవదు. ఈ ఒక్క క్రమశిక్షణ తర్వాత కమర్షియల్ పనుల్లో కూడా నాకు అన్నం పెట్టింది.

ఇప్పుడు అక్షరాల సంగతి. మన సరిహద్దు ఊళ్ళలో పుట్టినవాళ్ళకి ఇదే అసలు పెట్టుబడి, కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను.

మీకు తెలుగూ ఒడియా రెండూ చదవడం వస్తుంది. ఆ సంస్థలో ఇంకెవరికీ రాకపోవచ్చు. వాళ్ళకి అక్షరం విరిగిందో లేదో కూడా తెలియదు. నాకు మొదటి వారంలో వచ్చిన ఫైల్లో "క్షేత్ర" అన్న మాట "క్‌షేత్ర" అని పడి ఉంది. అంతకుముందు ఆరు నెలలుగా అలాగే ప్రింట్ అవుతోందట! ఒడియా వైపు కూడా ఒత్తులన్నీ హలంత గుర్తులై వేలాడుతున్నాయి. కారణం చిన్నది. ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్‌లలో మామూలు కంపోజర్, అంటే అక్షరాల్ని పేర్చే పద్ధతి, మన లిపులకి సరిపోదు. పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోవాలి. అది పెట్టగానే ఒత్తులు వాటి చోట అవి కూర్చుంటాయి. అరనిమిషం పని. ఆ ఒక్కటి సరిచేసినందుకు ఆఫీసులో నాకు పెద్ద పేరు వచ్చింది, సిగ్గేసింది కూడా.

రెండో చిక్కు పాత ఫాంట్లది. మన దగ్గర ప్రింటింగ్ షాపుల్లో తెలుగుకి అను, ఒడియాకి ఆకృతి ఇంకా నడుస్తున్నాయి. వాటిలో టైప్ చేసిన మేటర్ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి) కాదు. మీ దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తుంది. కన్వర్టర్లు ఉన్నాయి గానీ నమ్మకండి, మార్చాక ప్రతి లైనూ పైకి చదవండి. తిరిగి షాపుకి పంపేటప్పుడు అక్షరాల్ని అవుట్‌లైన్‌గా, అంటే బొమ్మలుగా, మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి, లేకపోతే వాళ్ళ కోరల్‌డ్రాలో మళ్ళీ విరుగుతాయి. అక్షరాలు అక్షరాలుగానే ఉన్న ఫైలు మాత్రం మీ దగ్గర వేరేగా దాచుకోండి. నేను ఒకసారి దాచలేదు. ఊరి పేరులో దీర్ఘం ఒకటి మార్చడానికి రాత్రి పదకొండింటికి పోస్టర్ మొత్తం మళ్ళీ కట్టాను.

ఫాంట్లు పైరసీవి వాడొద్దు, హక్కుల గురించి మాట్లాడే సంస్థకి అది మరీ నగుబాటు. ఉచితంగా మంచివి ఉన్నాయి. అనేక్ కుటుంబంలో తెలుగూ ఒడియా రెండూ ఒకే పోలికతో ఉంటాయి, పక్కపక్కన పెడితే కవలల్లా కుదురుతాయి. నోటో ఎప్పుడూ చేతిలో ఉండాలి. బలూ అని గుండ్రటి లావు అక్షరాల కుటుంబం ఉంది, హెడ్డింగులకి బాగుంటుంది. దాని ఒడియా రూపం పేరు బలూ భాయినా, తెలుగు రూపం పేరు బలూ తమ్ముడు. మన ఊళ్ళ వాడే ఎవడో పేరు పెట్టినట్టు లేదూ!

ఇంకో సంగతి కంటితో చూస్తేనే తెలుస్తుంది. ఒడియా అక్షరాలకి పైన గొడుగులా ఒకే గుండ్రం. ఏ అక్షరం ఏదో చెప్పే తేడా అంతా కింద చిన్న చోట ఉంటుంది. అందుకని సైజు తగ్గిస్తే ముందు ఒడియా చదవడం కష్టమవుతుంది. తెలుగుకేమో ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి, లైన్ల మధ్య ఎడం ఇంగ్లిష్‌కి ఇచ్చినట్టు ఇస్తే పై లైను ఒత్తు కింది లైను గుడిలో గుచ్చుకుంటుంది. ఇంగ్లిష్ టెంప్లేట్ తీసుకుని అందులో తెలుగు పోస్తే కుదరదు అనేది ఇందుకే. ముందు తెలుగు, ఒడియా పెట్టి, ఇంగ్లిష్‌ని మిగిలిన జాగాలో సర్దండి.

మాట కూడా అంతే. "అర్హులైన లబ్ధిదారులు నిర్ణీత నమూనాలో దరఖాస్తు దాఖలు చేయవలెను" అని ఆఫీసు నుంచి వస్తుంది. దాన్ని "ఈ ఫారం నింపి సభలో ఇవ్వండి" అని మార్చడం కూడా మీ డ్యూటీయే అనుకోండి. వాడుక భాష కోసం జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసింది మీ పర్లాకిమిడిలోనే. సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆ ఊరివాళ్ళు "చేయవలెను" అని పోస్టర్ వేస్తే బాగుండదు.

సవరలంటే గుర్తొచ్చింది. ఒక బ్రోచర్‌కి అంచు చుట్టూ సవర గోడ బొమ్మలు గీశాను, చేతులు పట్టుకుని ఆడే మనుషులు, గుర్రాలు. అందంగా వచ్చింది. నాతో ఇంటర్ చదివిన సవర అమ్మాయికి చూపిస్తే, "ఇది మా ఇంట్లో పూజకి వేసే బొమ్మ. మీరు ఫోన్ నంబరు చుట్టూ వేశారేంటి?" అంది. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది. తీసేశాను. లాంజియా సవర చిత్రకళకీ, డోంగ్రియా కొంధుల కపడాగండా శాలువాకీ 2024లో జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతపు సొత్తు అనే గుర్తింపు, వచ్చింది. ట్యాగ్ ఉన్నా లేకపోయినా అవి క్లిప్ ఆర్ట్ కావు. నిజంగా కావాలంటే గీసేవాళ్ళని అడిగి, డబ్బిచ్చి, పేరు వేసి వాడండి.

ఫొటోల విషయంలో మొహమాటం పడొద్దు. ఏడుస్తున్న పిల్లాడి ఫొటో పంపి "ఎమోషనల్‌గా ఉంటుంది, వాడు" అంటారు. కేసుల్లో ఉన్న పిల్లల్ని గుర్తుపట్టేలా చూపించకూడదని బాలల న్యాయ చట్టంలోనూ, పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సోలోనూ ఉంది. చట్టం సంగతి అలా ఉంచినా, భూమి తగాదా నడుస్తున్న ఊళ్ళో ఎదురు నిలబడిన మనిషి మొహం మీ పోస్టర్ మీద ఉంటే, రేపు ఇబ్బంది పడేది ఆ మనిషి, మీరు కాదు. ఆ ఫొటో ఎక్కడెక్కడ వాడతామో వాళ్ళ భాషలో చెప్పి ఒప్పుకున్నారా అని అడగండి. ఫోన్‌తో తీసిన ఫొటోలో లొకేషన్ దాగి ఉంటుంది, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే అదీ వెళ్ళిపోతుంది. పైకి పంపేముందు తీసేయండి. రంగుల విషయంలో కూడా ఒక కన్ను వేయండి. ఎన్నికల ముందు మన దగ్గర ఏ రంగు వేసినా ఏదో ఒక పార్టీదే అంటారు.

రిమోట్ పనిలో కష్టం ఏంటంటే మీరు పని చేస్తున్నట్టు ఎవరికీ కనిపించదు. సాయంత్రం నాలుగు లైన్లు రాసి పంపండి: ఇవాళ ఏం అయింది, ఎక్కడ ఆగింది, ఎవరి జవాబు కోసం చూస్తున్నాను. ఇంగ్లిష్ గురించి భయపడ్డారు కదా, ఈ నాలుగు లైన్లకి చాలినంత వస్తే చాలు. కాల్ అయ్యాక "మనం అనుకున్నది ఇది, సరేనా" అని రాసి పెడితే ఇంకా మంచిది, కాల్‌లో అర్థం కానివి అక్కడ బయటపడతాయి. గ్రూపులో ఐదుగురు ఐదు రకాల మార్పులు చెప్తారు, ఒకరు నీలం అంటే ఇంకొకరు పసుపు అంటారు. ఆఖరి మాట ఎవరిదో మొదటి వారంలోనే అడిగి తేల్చుకోండి.

కరెంటు, నెట్ గురించి ముందే నిజం చెప్పేయండి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మా ఇంట్లో రెండు రోజులు కరెంటు లేదు. మంగళవారానికి ఇవ్వాల్సిన ఫైలు ల్యాప్‌టాప్‌లో ఉండిపోయింది. తప్పు తుఫానుది అనే అన్నారు అందరూ, కానీ శనివారమే సగం ఫైలు డ్రైవ్‌లో పెట్టి ఉంటే ఇంకెవరైనా పూర్తిచేసేవాళ్ళు. అప్పటి నుంచీ రోజూ పడుకోబోయే ముందు అప్‌లోడ్ చేస్తాను. పేరులో తేదీ, వెర్షన్ నంబరు ఉంటాయి. "ఫైనల్", "ఫైనల్ ఫైనల్", "ఇదే ఫైనల్" అని పెట్టే రోజులు పోయాయి.

సాఫ్ట్‌వేర్ కొనలేకపోతే దిగులొద్దు. కాన్వా స్వచ్ఛంద సంస్థలకి ఉచితంగా ఇస్తుంది, మీ సంస్థ అప్పటికే తీసుకుని ఉండొచ్చు, అడగండి. ఇంక్‌స్కేప్ ఉంది, బ్రౌజర్‌లో నడిచే ఫొటోపీ ఉంది. నా ఇంటర్న్‌షిప్ అంతా 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ మీదే నడిచింది.

పోర్ట్‌ఫోలియో మాట. పట్టించుకుంటారు, కానీ పోస్టర్ ఒక్కటే పెడితే కాదు. నేను ఈరోజుకీ చూపించేది ఆ బొగ్గు పోస్టర్, దాని పక్కన గేటు మీద అంటించిన రెండోది, మధ్యలో మూడు లైన్లలో ఏం తప్పయింది, ఎందుకు మార్చాను అని. పనిచ్చేవాళ్ళు అందంకన్నా దీని దగ్గరే ఆగుతారు. అయితే సంస్థ పని బయట చూపించడానికి అనుమతి మెయిల్‌లో తీసుకోండి, కొన్ని కాగితాలు బయటికి రాకూడనివి ఉంటాయి.

చేరేముందు చూసుకోవాల్సినవి. స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో ఆ సంస్థ పేరు ఉందో లేదో చూడండి. ఉన్నంత మాత్రాన మంచిదని కాదు, లేకపోతే మాత్రం ఎందుకు లేదని అడగండి. ఇంటర్న్‌షిప్ పేరుతో మీ చుట్టాల దగ్గరా స్నేహితుల దగ్గరా విరాళాలు వసూలు చేసి పెట్టమంటే, అది డిజైన్ ఇంటర్న్‌షిప్ కాదు, వదిలేయండి. రిజిస్ట్రేషన్ ఫీజు అడిగితే ఇంకా ముందే వదిలేయండి. స్టైపెండ్ తక్కువైనా నెట్ రీఛార్జి, ప్రింట్ ఖర్చు విడిగా ఇమ్మనండి. అడిగితే చాలామంది ఇస్తారు. మూడు నెలలు అయ్యాక "ఇంకో మూడు నెలలు ఇలాగే" అంటే, ఈసారి పూర్తి జీతం మాట్లాడుకోండి. సేవ అంటూ మొహమాటపెడతారు. వాళ్ళకి జీతాలు వస్తూనే ఉంటాయి.

చేరాక మొదటి పోస్టర్ అవగానే ఒక పని చేయండి. కలర్‌లో కాదు, మీ ఊళ్ళో మామూలు జెరాక్స్ షాపులో నలుపు తెలుపు ఎ3 తీయించి ఇంటి గేటుకి అంటించండి. రోడ్డు అవతల నుంచి ఫొటో తీసి ఇక్కడే కింద పెట్టండి. అది ముందు చూశాకే మీ స్క్రీన్ మీదిది చూస్తాను.